సంతకం మీది, అప్పు ఎవరిది?

ఇంటా బయటా: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఆయన ఆటో కొంటున్నారు. ముందు కట్టాల్సిన సొమ్ముకోసం నా పేరున గ్రూపు లోను 50 వేలు తియ్యమంటున్నారు. రూపాయి వడ్డీయే, రెండేళ్లలో తీరిపోతుంది అంటున్నారు. కాగితాలన్నీ ఒడియాలో ఉన్నాయి. నాకు తెలుగు తప్ప చదవడం రాదు. సంతకం పెట్టెయ్యనా?
– ఒక పాఠకురాలు, కాశీనగర్, గజపతి జిల్లా

జవాబు: ముందు ఆ రూపాయి వడ్డీ సంగతి తేల్చుకోండి. 50,000కి నెలకు 500 చొప్పున 24 నెలలకి వడ్డీ 12,000. అసలుతో కలిపి 62,000. దాన్ని 24 వాయిదాలు చేస్తే నెలకు 2,583 రూపాయలు. కిటుకంతా ఇక్కడే ఉంది. ఏడాది కట్టేసరికి మీ అసలు 25,000కి దిగిపోతుంది. వడ్డీ మాత్రం మొదటి నెలలో పడ్డ 500 అలాగే పడుతుంది. అంటే పదమూడో నెలలో మీరు కట్టేది రెండు రూపాయల వడ్డీ. చివరి నెలల సంగతి చెప్పనే అక్కర్లేదు. మొత్తం సరాసరి చూస్తే నూటికి రూపాయి ఎనభై పైసలు, ఏడాదికి దాదాపు 21.6 శాతం. ఫీజు అనీ బీమా అనీ డబ్బు చేతికిచ్చేటప్పుడే కొంత కోసేస్తే అది ఇంకా పెరుగుతుంది. అందుకని 'ఎన్ని రూపాయల వడ్డీ' అని అడగకండి. 'ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం' అని అడగండి. ఆ అంకె లోను కార్డు మీద రాసి ఇవ్వడం వాళ్ల బాధ్యత.

ఇంకో సంగతి. మన వైపు పొదుపు సంఘం అప్పునీ, కంపెనీ వాళ్లు పదిమందిని కూర్చోబెట్టి ఇచ్చే అప్పునీ రెండింటినీ 'గ్రూపు లోను' అనే అంటారు. మొదటిదైతే మీటింగు పుస్తకం, పొదుపు ఖాతా, తీర్మానం మీ సంఘం చేతిలోనే ఉంటాయి. రెండోది మైక్రోఫైనాన్స్. దానికి రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమాలున్నాయి. ఒప్పందం అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. కాబట్టి తెలుగు కాగితం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఇంటిల్లిపాది నెల రాబడిలో అన్ని అప్పుల వాయిదాలూ కలిపి సగం దాటకూడదు. మీ ఇంటి రాబడి 16,000 అయితే పాత వాయిదాలతో సహా 8,000 లోపే. ముందుగా తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకి రాకూడదు. మీ ఇష్టం లేకుండా బీమా అంటగట్టకూడదు. ఫిర్యాదు నంబరు లోను కార్డు మీదే ఉంటుంది. నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు వినే అధికారికి) రాయొచ్చు, ఫోను 14448.

ఇక అసలు ప్రశ్న. బండి ఆయన పేరున, అప్పు మీ పేరున ఉంటే, బండి రేపు అమ్మేసినా వాయిదా మీదే. ఒక్క నెల తప్పినా గ్రూపులో తోటివాళ్లు మీ గుమ్మం ముందుకొస్తారు, మీ పేరున ఎగవేత నమోదవుతుంది, ఆ పైన టైలరింగు మిషనుకి అడిగినా బ్యాంకు తల అడ్డంగా ఊపుతుంది. మా సలహా: బండినే తాకట్టుగా చూపి ఆయన పేరున వాహన రుణం తియ్యండి. అది కుదరకపోతే ఆర్‌సీ మీ పేరున రాయించండి. రెండూ కాదంటే సంతకం వద్దు.

ప్రశ్న: బరంపురంలో బట్టల షాపులో పనిచేస్తున్నాను. 14 మందిమి ఉన్నాం. జీతం 11 వేలు. నాలుగో నెల. 'ఇప్పుడు మానేసి, పురుడయ్యాక మళ్లీ రా' అంటున్నారు షావుకారు.

జవాబు: రాజీనామా మాత్రం రాయకండి. ఆ ఒక్క కాగితంతో హక్కు జారిపోవచ్చు. జీతంలో 0.75 శాతం, అంటే మీ లెక్కన 82–83 రూపాయలు, ఈఎస్ఐకి (ఉద్యోగుల ప్రభుత్వ బీమాకి) కోస్తున్నారేమో చూడండి. కోస్తుంటే సెలవు కాలానికి డబ్బిచ్చేది ఈఎస్ఐ. షావుకారుకి నష్టమే లేదు, ఆ మాట ఆయనకీ చెప్పండి. ఆ డబ్బు రావాలంటే ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కనీసం 70 రోజుల చందా పడి ఉండాలి. ఈఎస్ఐ లేకపోతే, పదిమందో అంతకన్నా ఎక్కువో ఉన్న షాపు గనక యజమానే ఇవ్వాలి. పురుటికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, అందులో పురుటికి ముందు 8 వారాలకి మించకూడదు. మూడో కాన్పు నుంచి 12 వారాలు. ఏ తేదీ నుంచి సెలవో, డబ్బు ఎవరికివ్వాలో రాసి, డాక్టరు చీటీ జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. నోటిమాటగా చెప్పినవాళ్లే ఎక్కువగా ఓడిపోతున్నారు.

ప్రశ్న: నర్సుని. బాబుకి అయిదో నెల. డ్యూటీలో చేరితే తొమ్మిది గంటలు ఇంట్లో ఉండను. పాలు తీసి పెడదామంటే మా అత్తమ్మ 'నిలవ పాలు బిడ్డకి పడవు' అంటున్నారు.
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: అత్తమ్మగారి భయం గేదె పాల అనుభవంలోంచి వచ్చింది. తల్లిపాల లెక్క వేరు. గది చల్లగా, 25 డిగ్రీల లోపు ఉంటే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, గడ్డకట్టిన ఐస్ ప్యాకులున్న పెట్టెలో 24 గంటలు ఉంటాయి. గుణుపురం ఎండలకి గదిని నమ్మొద్దు. తీసిన వెంటనే ఐస్ పెట్టెలోకే. ఫ్రిజ్‌లో తలుపు అరలో కాదు, లోపల వెనక పెట్టాలి. కరెంటు ఎక్కువగా పోయే ఊరైతే ఐస్ ప్యాకులు ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉంచండి.

మీరు దూరంగా ఉన్న ప్రతి గంటకీ 30–45 మిల్లీలీటర్లు అనుకుంటే తొమ్మిది గంటలకి 270–400. దాన్ని 60–90 చొప్పున చిన్న చిన్న స్టీలు గిన్నెల్లో మూతపెట్టి ఉంచితే వృథా తక్కువ, ఎందుకంటే బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటల తర్వాత పారబొయ్యాలి. పైన మీగడలా తేరితే విరిగిపోయాయని కంగారుపడకండి, నెమ్మదిగా తిప్పితే కలుస్తుంది. పొయ్యి మీద కాచకూడదు. గిన్నెని వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చన చెయ్యాలి. సీసా వద్దు, మన ఉగ్గుగిన్నె, చెంచా చాలు. సీసాకి అలవాటుపడ్డ బిడ్డ రొమ్ము వదిలేసే ప్రమాదం ఉంది. డ్యూటీలో మూడు గంటలకోసారి పాలు తీయండి. మానేస్తే రొమ్ము రాయిలా గట్టిపడి జ్వరం వస్తుంది, పాలూ తగ్గుతాయి. చేరడానికి రెండు వారాల ముందునుంచే అలవాటు చెయ్యండి, ఆ గిన్నె పట్టడం అత్తమ్మగారికే అప్పగించండి. బిడ్డకి 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు చట్టంలోనే ఉన్నాయి.

ప్రశ్న: మా కోడలు ఉద్యోగం చేస్తుంది. ఇంటికొచ్చాక కూడా వంట నాదే. ఈ వయసులో నాకేమిటిది?
– ఒక అత్తగారు, రాయగడ

జవాబు: ప్రశ్న న్యాయమైనదే, చిరునామా తప్పు. మీ అబ్బాయిని అడగండి. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల ఆడవాళ్లు జీతంలేని ఇంటిపనికి రోజుకి 305 నిమిషాలు పెడుతున్నారు. 2019లో అది 315. అయిదేళ్లలో తగ్గింది పది నిమిషాలు. అబ్బాయికి 'సాయం' చెప్పకండి, ఒక పని పూర్తిగా అతనికే వదిలెయ్యండి. రాత్రి వంట అంటే కూరలు కొనడం దగ్గర్నుంచి గిన్నెలు బోర్లించడం దాకా. మొదటి నెల ఉప్పెక్కువైనా మాట్లాడకుండా తినాలి. కష్టం అదే.

ప్రశ్న: మా నాన్నగారి రెండెకరాలు పాతపట్నం వైపు ఉన్నాయి. నన్ను 1983లో పర్లాకిమిడికి ఇచ్చారు. నాన్న 2001లో వీలునామా లేకుండా పోయారు. అన్నయ్యలు 'పెళ్లయిన ఆడపిల్లకి వాటా లేదు, పసుపు కుంకుమలకి ఇచ్చాం కదా' అని విడుదల దస్తావేజు (వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం) మీద సంతకం అడుగుతున్నారు.

జవాబు: మీ అన్నయ్యలు చెబుతున్నది హిందూ వారసత్వ చట్టానికి పాత ఆంధ్ర సవరణ. అది 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయిన కూతుళ్లని పక్కనపెట్టింది. 2005 కేంద్ర సవరణలో ఆ గీత లేదు. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. పిత్రార్జితం 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంచుకుని ఉంటే మాత్రం అడగలేరు. నాన్నగారి స్వార్జితమైతే 1956 నుంచే కూతురికి సమాన వాటా. ఆయన పోయేనాటికి అమ్మ ఉండి, అన్నయ్యలు ఇద్దరైతే నాలుగు వాటాలు, మీకు 50 సెంట్లు. మీరు ఉండేది ఒడిశాలోనైనా భూమి ఆంధ్రలో ఉంది కాబట్టి దావా అక్కడే.

ముందు సబ్‌రిజిస్ట్రారు దగ్గర ఈసీ (భూమి లావాదేవీల ధ్రువపత్రం) తియ్యండి, ఇప్పటిదాకా ఎవరికైనా రాసేశారో తెలుస్తుంది. ఆంధ్ర ప్రభుత్వ 'మీ భూమి' వెబ్‌సైటులో వన్‌బీ (హక్కుదారు వివరాలు), అడంగల్ (సాగు వివరాలు) చూడండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. ఆడవాళ్లకి రాబడితో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. శ్రీకాకుళం జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. వాటా వదులుకోవాలనే మీకు ఉంటే వదులుకోండి, మీ ఇష్టం. కానీ ఈసీ చేతికొచ్చాకే.