పాతిక కోడిపిల్లలు తెచ్చుకునే ముందు

చి. సురేష్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

పెరట్లో కోళ్ళు పెంచుదామనుకుంటున్నానని, వచ్చే ఆదివారమే సంతకెళ్ళి పాతిక పిల్లల్ని తెచ్చేస్తానని రాశావు. సంతోషం నాన్నా. కానీ ఆ ఆదివారాన్ని ఓ రెండు వారాలు వెనక్కి జరుపు. తిండి చాలక చచ్చే కోడిపిల్ల అరుదు. చలికీ, తడికీ చచ్చేవే ఎక్కువ. ఆ రెండూ పిల్లలు ఇంటికి రాకముందే చూసుకోవాల్సిన సంగతులు. దసరా వెళ్ళాక తెచ్చుకుంటే వానల తడి తగ్గి ఉంటుంది, ఉగాది దాటేసరికి పెట్టలు గుడ్లకి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం రోజు పిల్లల్ని, అంటే పుట్టి ఒక్క రోజైనవాటిని, తేవద్దు. దారిలోనే వడదెబ్బ తగులుతుంది.

ముందు ఎక్కడ కొనాలో చెబుతాను. సైకిళ్ళ మీద, బళ్ళ మీద గంపల్లో వేసుకుని నాటుకోడి పిల్లలంటూ అమ్మేవాటిలో చాలావరకు గుడ్ల ఫారాలకి పనికిరాని పుంజు పిల్లలు. రంగులు పూసి అమ్మేవీ అంతే. గుడ్లు పెట్టవు, మాంసానికీ ఎదగవు, టీకా వేశారో లేదో అడిగినా చెప్పేవాడు ఉండడు. యంత్రాలతో గుడ్లు పొదిగించే హ్యాచరీ నుంచే తెచ్చుకో. పెరటికని తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థవి. ముందుగా బుక్ చేసుకోవాలి. మీకు దగ్గర్లో ఎవరు తెప్పిస్తున్నారో పశువుల ఆసుపత్రిలో అడిగితే చెబుతారు.

వనరాజా బరువు బాగా పెరుగుతుంది, గుడ్లు ఓ మాదిరిగా పెడుతుంది. గ్రామప్రియ ఒంటికి తేలిక, గుడ్లు ఎక్కువ. మీ ఇంటి వెనక కొబ్బరితోట, దాని మీద గద్దలు ఉన్నాయి కాబట్టి నా మాట గ్రామప్రియ. బరువు కోడి పరిగెత్తలేదు. రెండూ సంకరజాతులే గనుక వాటి గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లిలా ఉండవు. ఇవి పొదుగుకి కూర్చోవడం కూడా అరుదు. గుడ్లు పొదిగించుకోవాలంటే రెండు నాటు పెట్టలు విడిగా పెంచుకో. పందేల వాళ్ళ దగ్గర అసిల్ పిల్లలు దొరుకుతాయి గానీ వాటి జోలికి వెళ్ళకు. చూడ్డానికి బాగుంటాయి, గుడ్లు మాత్రం తక్కువ. చిన్నప్పటి నుంచే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి.

పుంజులు, పెట్టలు కలిసే వస్తాయి. పాతిక తెస్తే అందులో పదీ పన్నెండు పుంజులు ఉంటాయనుకో. మూడు నాలుగు నెలల తర్వాత వాటిని ఏం చేయాలో ఇప్పుడే అనుకుని ఉంచుకో. పది పెట్టలకి ఒక్క పుంజు చాలు. మిగతావాటిని ఉంచితే అవి కొట్లాడుకుంటూ పెట్టల వీపుల మీద ఈకలు మిగలనివ్వవు.

తీసుకునేటప్పుడు పెట్టె మూత తీసి ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని చూడు, మొహమాట పడొద్దు. కళ్ళు మెరుస్తూ ఉండాలి, కాళ్ళు ఎండిపోయినట్టు కాకుండా నిగనిగలాడాలి. వెల్లకిలా పడుకోబెడితే వెంటనే తిరిగి లేవాలి. పొట్ట కింద బొడ్డు చూడు. అది మూసుకుని పొడిగా ఉండాలి. నల్లగా పొక్కు కట్టి తడిగా ఉన్న పిల్ల నాలుగైదు రోజులకి మించి బతకదు. ముడ్డికి రెట్ట అంటుకున్నదాన్ని కూడా వదిలెయ్. కోళ్ళకి కాళ్ళు పడిపోయే మారెక్స్ జబ్బుకి టీకా మొదటి రోజు హ్యాచరీలోనే వేయాలి, వేశారా అని అడుగు. తెల్లవారుజామునో, సాయంత్రమో ప్రయాణం పెట్టుకో. గాలి కన్నాలున్న అట్టపెట్టెలో అడుగున గోనెపట్టా వేసి తీసుకురా. నున్నటి అట్ట మీద కాళ్ళు జారి పక్కకి విడిపోతే ఆ పిల్ల మళ్ళీ సరిగా నిలబడదు.

ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు కదా, పగలు చూసే మనిషి లేకపోతే రోజు పిల్లలు మీకు కష్టం. నాలుగు వారాలు పెంచి, టీకాలు వేసి అమ్మే మదర్ యూనిట్లు ఉంటాయి. ధర ఎక్కువైనా అలాంటి పిల్లలే మీకు నయం. అలా కాదు, రోజు పిల్లలే కావాలంటే మొదటి వారం మీలో ఒకరు సెలవు పెట్టండి.

ఇక వెచ్చదనం సంగతి, దీన్ని జాగ్రత్తగా చదువు. పిల్లకి ఈకలు వచ్చేదాకా దాని ఒంటి వేడిని అది నిలుపుకోలేదు. మూడడుగుల వెడల్పున, అడుగున్నర ఎత్తున రేకుతోనో, అట్టతోనో గుండ్రంగా దడి కట్టు. మూలలు ఉండకూడదు. మూల ఉంటే చలికి అందులోకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయి. లోపల రెండు మూడు అంగుళాల మందాన ఎండిన వరి ఊక పరిచి, మొదటి మూడు రోజులు దాని మీద గరుకు కాగితమో, గోనెపట్టానో వెయ్. కొత్త పిల్లలు ఊకే మేతనుకుని తింటాయి. రంపపు పొట్టు వద్దు, సన్నగా ఉంటుంది గనుక ఇంకా ఎక్కువ తింటాయి.

పిల్లకి రెండు వాట్ల లెక్కన, పాతికకి యాభై అరవై వాట్లు కావాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే గానీ వేడి ఇవ్వదు. లైటు వెలుగుతోందిగా అనుకుంటూ చాలామంది ఇక్కడే పిల్లల్ని పోగొట్టుకుంటున్నారు. పాత రకం ఫిలమెంట్ బల్బే కొను. అరవైది ఒకటి కాకుండా నలభైవి రెండు పెట్టు. అర్ధరాత్రి ఒకటి మాడినా రెండోది ఉంటుంది. నేలకి అడుగు ఎత్తున, వైరుతో కాకుండా గట్టి గొలుసుతో కట్టు. తెగి ఊకలో పడితే నిప్పు అంటుకుంటుంది.

మొదటి వారం పిల్ల వీపు ఎత్తున 35 డిగ్రీలు ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు పెట్టుకో, కానీ అంతకన్నా పిల్లల్ని చూడు. బల్బు కింద ముద్దగా చేరి కీచుమంటుంటే చలి. బల్బుకి దూరంగా దడి వెంబడి పడుకుని నోళ్ళు తెరిచి, రెక్కలు వాల్చి రొప్పుతుంటే వేడి. అన్నీ ఒకే పక్కకి పోగైతే రెండో పక్క నుంచి ఈదురుగాలి వస్తోందని అర్థం. దడి నిండా చెదిరి, కొన్ని తింటూ, కొన్ని కునుకు తీస్తూ, మెల్లగా కిచకిచలాడుతుంటే అంతా సరిగ్గా ఉంది. రాత్రి పదకొండింటికొకసారి, తెల్లవారి నాలుగింటికొకసారి లేచి చూడు. నాలుగింటి చలే ప్రమాదం.

కరెంటు పోతే వేడినీళ్ళు నింపిన సీసాలకి గుడ్డ చుట్టి నాలుగైదు లోపల పెట్టి, పైన గోనె కప్పు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకు. ఆ వాయువుకి పిల్లలే కాదు, మనుషులూ పోతారు.

నాటు పెట్ట పొదుగు మీద ఉంటే ఈ బాధలన్నీ తగ్గుతాయి. బాగా చీకటి పడ్డాక గుడ్లు తీసేసి, పది పన్నెండు పిల్లల్ని ఒక్కొక్కటిగా దాని రెక్కల కిందకి జార్చు. దీపం వెయ్యొద్దు, మాట్లాడొద్దు. తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. పొదుగుకి కూర్చుని రెండు వారాలన్నా దాటిన పెట్ట అయితేనే ఇలా చెయ్. ఉదయం గంట సేపు దగ్గరుండి చూడు, పొడుస్తుంటే పిల్లల్ని బల్బు కిందకి మార్చెయ్.

పిల్లలు ఇంటికి రాగానే మేత వెయ్యకు, ముందు నీళ్ళు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో యాభై గ్రాముల బెల్లం కలుపు, ఆ మొదటి పూటకి చాలు. ఒక్కొక్కదాని ముక్కు నీళ్ళలో ముంచి వదిలితే తాగడం తెలుసుకుంటాయి. మూకుడులో నీళ్ళు పోస్తే గులకరాళ్ళు వెయ్యి, లేకపోతే అందులో పడి తడుస్తాయి. తడిసిన పిల్ల ఒక్క రాత్రి దాటదు. రెండు మూడు గంటలయ్యాక మొక్కజొన్న రవ్వ కాగితం మీద చల్లు. రెండో రోజు నుంచి చిక్ స్టార్టర్, అంటే చిన్న పిల్లలకని చేసిన దాణా.

మర్నాడు పొద్దున అయిదారు పిల్లల్ని పట్టుకుని మెడ కింద మేత సంచి తడిమి చూడు. నిండుగా, మెత్తగా తగిలితే తిండీ నీళ్ళూ రెండూ అందుతున్నట్టు. గట్టిగా ఉంటే నీళ్ళు దొరకలేదు. ఖాళీగా ఉంటే దానికి మేత ఎక్కడుందో తెలియలేదు, లేదా చలికి బల్బు కింద నుంచి కదల్లేదు.

మొదటి వారం పిల్లకి రోజుకి పది గ్రాముల దాణా, రెండో వారం ఇరవై, ఆరో వారానికి యాభై దాకా తింటుంది. ఆరు వారాలకి పాతిక పిల్లలకి ముప్పై ముప్పై అయిదు కిలోలు పడుతుంది. యాభై కిలోల బస్తా చవకని తెచ్చేయకు. తేమకి బూజు పడితే అది పిల్లల కాలేయానికి విషం. పాతిక కిలోల చొప్పున తెచ్చుకో, చెక్క మీద ఎత్తుగా పెట్టు. గుడ్ల కోళ్ళ దాణా పిల్లలకి వెయ్యనే వద్దు. అందులో గుడ్డు పెంకు కోసం సున్నం ఎక్కువ ఉంటుంది, పిల్లల మూత్రపిండాలు పాడవుతాయి. చిక్ స్టార్టర్ దొరక్కపోతే బ్రాయిలర్ స్టార్టర్ వెయ్యొచ్చు. నూకలు, జొన్నలు, మునగాకు నెల దాటాకే, అవి కూడా దాణాతో పాటే. ఉత్తి నూకలతో పెరిగిన పిల్లకి కండ పట్టదు, ఈక రాదు.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా భయమంతా తడితో. నీళ్ళ గిన్నె చుట్టూ ఊక తడుస్తుంది, ఆ తడిలో రక్త పారుడు జబ్బు తెచ్చే కంటికి కనబడని క్రిమి పెరుగుతుంది. రెక్కలు వాల్చి, కళ్ళు మూసుకుని ముడుచుకు కూర్చున్న పిల్ల ఒకటి కనిపించి, రెట్టలో ఎర్రగా రక్తం పడిందంటే అదే. ఆ రోజే ఆంప్రోలియం పొడి తెచ్చి, డాక్టరు చెప్పిన మోతాదులో అన్నిటికీ నీళ్ళలో ఇవ్వాలి. ఆ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు పెట్టకూడదు. ఆ మందు ఇచ్చినన్నాళ్ళు బి విటమిన్ టానిక్ ఆపెయ్, ఆ మందు చేసే పనికి అది అడ్డం. మందు కన్నా ముందు జాగ్రత్త మేలు. నీళ్ళ గిన్నెని పిల్ల వీపు ఎత్తుకి ఇటుక మీద పెట్టు. ఊకని రోజూ కలియదిప్పు. గుప్పెట్లో పట్టి నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా రాలిపోవాలి. ముద్ద కడితే ఆ భాగం తీసేసి కొత్తది వెయ్. వాకిట్లోంచి గది తలుపు తీయగానే కళ్ళు మండితే అది రెట్ట అమ్మోనియా, గాలి చాలడం లేదు.

రెండో వారం నుంచి దడి వెడల్పు పెంచు. నెల వచ్చేసరికి పిల్లకి అర చదరపు అడుగు, రెండు నెలలకి అడుగు ఉండాలి. ఇరుకైతే తోకలు పొడుచుకుంటాయి, రక్తం కనబడితే అన్నీ దాని మీదే పడతాయి. గాయమైనదాన్ని వెంటనే విడిగా పెట్టు. మొదటి వారంలో ఏ పిల్ల ముడ్డికైనా రెట్ట గడ్డ కట్టి మూసుకుపోతే, గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి నాననిచ్చి తియ్. లాగకు. దాని కిందగా ఉండే బొడ్డు పొక్కుని రెట్ట అనుకుని పీకకు, పేగు బయటికొస్తుంది.

టీకాల్లో ఒక్కటీ తప్పకూడదు. ఏడో రోజు కొక్కెర తెగులుకి వేసే లసోటా, కంట్లో ఒక చుక్క. పధ్నాలుగో రోజు గంబోరో జబ్బు టీకా, అది నోట్లో చుక్క. ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ లసోటా. కంట్లో చుక్క వేశాక పిల్ల రెప్ప ఆర్పి, మందు లోపలికి ఇంకేదాకా దాన్ని వదలకు. సీసా వంద డోసులకి తక్కువ దొరకదు, కలిపాక గంట రెండు గంటల్లో అయిపోవాలి. అందుకని మీ వీధిలో కోళ్ళున్న వాళ్ళని నలుగుర్ని కలుపుకో, అందరూ ఒకే రోజు వేసుకోండి. షాపు నుంచి ఇంటికి ఐసు డబ్బాలోనే తేవాలి. ప్యాంటు జేబులో తెచ్చిన టీకా నీళ్ళతో సమానం. జబ్బుగా ఉన్న పిల్లకి వెయ్యొద్దు. కోళ్ళ మశూచి టీకా మీ ప్రాంతానికి ఎప్పుడు మంచిదో డాక్టరు గారిని అడుగు.

ఇంత పట్టుబట్టడానికి కారణం కొక్కెర తెగులు. ఆకుపచ్చగా పారుతుంది, నోరు తెరిచి గురక తీస్తుంది, మెడ మెలి తిరుగుతుంది. వచ్చాక మందు లేదు, రెండు మూడు రోజుల్లో పెరడు ఖాళీ అవుతుంది. చచ్చినదాన్ని కుక్కలకో, కాలవలోకో పారేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చు. సంతలో కొన్న కోడిని, ఎవరైనా ఇచ్చిన కోడిని మూడు వారాలు వేరే గంప కింద ఉంచకుండా మందలో కలపకు. కోళ్ళ సంతకి వెళ్ళొచ్చిన చెప్పులతో పిల్లల దగ్గరికి వెళ్ళకు.

ఆరు వారాలు దాటి ఒంటి నిండా ఈకలు వచ్చాక పెరట్లోకి వదులు. మొదటి వారం సాయంత్రం గంటసేపే, మేతకి ముందు. ఆకలితో ఉంటాయి గనుక, గిన్నె కొట్టి పిలిచి గూట్లో దాణా వేస్తే దారి నేర్చుకుంటాయి. గూడు నేలకి రెండడుగుల ఎత్తున కట్టించు. ఎదిగిన కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగుల చోటు కావాలి. కిటికీకి కోళ్ళ జాలీ కాకుండా అరంగుళం కన్నాల గట్టి వెల్డ్ మెష్ కొట్టించు. పిల్లీ ముంగిసా మెత్తటి జాలీని చీల్చుకుని వస్తాయి. పందికొక్కు కింద నుంచి తవ్వుతుంది.

తొమ్మిదో వారంలో కొక్కెర తెగులుకి ఆర్‌ టూ బీ టీకా సూది వేయించాలి, అర మిల్లీలీటరు. దానికి వారం ముందు పొట్టలో పురుగుల మందు తాగించు. తర్వాత ప్రతి ఆరు నెలలకీ ఆ సూది మళ్ళీ పడాలి. పిల్లలు దిగిన రోజునే ఈ తేదీలన్నీ వంటగది క్యాలెండర్ మీద అమ్మాయి చేత రాయించు. బల్బులు, ఊక సిద్ధమయ్యాక, పిల్లలు రావడానికి ఒక రోజు ముందే బల్బులు వేసి రాత్రంతా వేడి నిలుస్తోందో లేదో చూసి నాకు ఫోను చెయ్.

ఇట్లు,
మీ పెద్దమ్మ