సముద్రం అడుగు సర్వేకి 12 మీటర్ల పాత అల్యూమినియం కటమరాన్ కొనొచ్చా?

కాకినాడ తీరంలో 10–30 మీటర్ల లోతులో మల్టీబీమ్ సర్వే (ఒకేసారి ఎన్నో ధ్వని బీమ్‌లు పంపి అడుగు లోతు కొలిచే సోనార్‌తో) చేయాలి, ఇంజన్లు తక్కువ గంటలే తిరిగిన పాత కటమరాన్ (పక్కపక్కన రెండు హల్‌లు, అంటే నీటిలో తేలే దేహాలు, ఉండే బోటు) ఒకటి దొరికింది, తీసుకోవచ్చా అని అడిగారు. ఇంజన్ చెడితే మార్చుకోవచ్చండి. నేనైతే ముందు చూసేది సోనార్ బిగించే పోల్‌ని, అది కూర్చున్న డెక్‌ని.

20 మీటర్ల లోతులో, నిలువుకి 60 డిగ్రీలు పక్కకి పోయే బీమ్ దాదాపు 35 మీటర్ల అవతల అడుగుని తాకుతుంది. రోల్‌లో (పక్కకి ఒరిగే కోణంలో) అర డిగ్రీ తేడా వస్తే అక్కడ లోతు 30 సెంటీమీటర్లు తప్పుతుంది. అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ (ఐహెచ్‌ఓ) సర్వే ప్రమాణం ఎస్-44లో, స్పెషల్ ఆర్డర్ అనే కఠినమైన తరగతిలో, ఆ లోతుకి అన్ని తప్పులూ కలిపి ఉన్న పరిమితే 29 సెంటీమీటర్లు. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ప్యాచ్ టెస్ట్‌తో (ఒకే చోట మళ్లీ మళ్లీ నడిపి సోనార్ బిగింపు కోణాల తప్పు తేల్చే పరీక్ష) సరిచేయొచ్చు. వేగాన్ని బట్టి వంగే పోల్‌తో ఆ పని జరగదు. బోటు ఊగడాన్ని కొలిచే మోషన్ సెన్సర్ పోల్ కింద సోనార్ పక్కనే ఉంటే చాలావరకు నయం. క్యాబిన్‌లో ఉంటే పోల్ వంగిన సంగతి దానికి తెలియదు.

అందుకే సీ ట్రయల్‌లో (కొనేముందు సముద్రంలో నడిపి చూసేటప్పుడు) ఇది తప్పకుండా చేయించండి. చదునైన అడుగు మీద ఒకే లైన్‌లో, ఒకే వేగంతో పోయి, తిరిగొచ్చి రోల్ విలువ తీయండి. పోల్ పైకెత్తి, మళ్లీ దించి, లాక్ వేసి ఇంకోసారి తీయండి. రెండింటికీ 0.05 డిగ్రీల కంటే ఎక్కువ తేడా ఉంటే లాక్ అరిగిందనో, కింద ప్లేట్ ఆడుతోందనో అనుమానించాలి. తర్వాత 4, 5, 6 నాట్లలో నడిపి బయటి బీమ్‌లు చూడండి. డేటా ఉన్నట్టుండి తెగిపోతుంటే సోనార్ కిందికి గాలి బుడగలు వస్తున్నట్టు. రెండు హల్‌ల అలలు మధ్యలో కలిసేచోట మూన్‌పూల్ (సోనార్‌ని నీళ్లలోకి దించే డెక్ రంధ్రం) పెట్టిన బోట్లలో ఇది మామూలే. పోల్ పొడవు పెంచితే బుడగలు తప్పుతాయి కానీ వణుకు పెరుగుతుంది, పోల్‌ని ముందూ వెనకా లాగిపట్టే స్టే వైర్లు కట్టాల్సిందే. క్లచ్ వేయగానే 7 నాట్లు అందుకునే బోటైతే ట్రోలింగ్ వాల్వ్ (క్లచ్‌ని కొంత జారనిచ్చి బోటుని నెమ్మదిగా నడిపించే పరికరం) ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఒడ్డుకి ఎక్కించాక రెండు హల్‌లు ఎదురెదురుగా ఉండే వైపు, పైన డెక్ అడుగు కలిసే వెల్డింగుల మీద డై పెనెట్రంట్ (సన్న పగుళ్లని రంగుతో బయటపెట్టే ద్రవం) వేయించండి. అలలు కింద నుంచి కొట్టే దెబ్బలకి సన్న పగుళ్లు మొదలయ్యేది అక్కడే. స్టెయిన్‌లెస్ బోల్టుల చుట్టూ తెల్ల పొడి కనిపిస్తే అల్యూమినియం తినేస్తున్నట్టే. బోటు అడుగుకి ఏ రంగు వేశారో అడగండి, రాగి కలిసిన యాంటీఫౌలింగ్ (నాచు, గవ్వలు పట్టకుండా వేసే రంగు) అయితే అది కూడా అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి ప్లేట్ మందం అల్ట్రాసోనిక్ గేజ్‌తో అడుగడుగునా కొలిపించండి.

మీ తీరంలో వర్షాకాలం గోదావరి నీరు పైపొరగా పరుచుకుంటుంది. సోనార్ లోతు లెక్కించేది నీటిలో ధ్వని వేగంతోనే. 28 డిగ్రీల మంచినీటిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 1505 మీటర్లు, ఉప్పునీటిలో 1540. కాబట్టి సౌండ్ వెలాసిటీ ప్రొఫైలర్‌ని (ఏ లోతులో ధ్వని వేగం ఎంతో కొలిచే పరికరం) మాటిమాటికీ దించాలి, వెనక డెక్‌లో చిన్న వించ్‌కి చోటుందో లేదో చూసుకోండి.

ఇక బరువు. ఒక్కో హల్ నీటిమట్టం దగ్గర 11 చదరపు మీటర్లుంటే, టన్ను ఎక్కించగానే బోటు 4.4 సెంటీమీటర్లు దిగుతుంది. వించ్, జనరేటర్, ఏ-ఫ్రేమ్ (పరికరాలు దించే కమాను) కలిస్తే డెక్ కింద ఖాళీ తగ్గి అలల దెబ్బలు పెరుగుతాయి. స్టెబిలిటీ బుక్‌లెట్‌లో (బోటు బోల్తా పడకుండా నిలిచే లెక్కల పుస్తకం) ఇప్పటి సామాను బరువు ఉందో లేదో చూడండి. లేకపోతే ఇంక్లైనింగ్ టెస్ట్ (బరువులు పక్కకి జరిపి బోటు ఎంత ఒరుగుతుందో కొలిచే పరీక్ష) ఖర్చు ధరలోంచి తగ్గించమని గట్టిగా అడగండి.