ఫైల్ ఫోల్డర్‌లోనే ఉంది, ప్రోగ్రామ్‌కే కనబడట్లేదు

ప్రశ్న: సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. పేర్లు, మార్కులు ఉన్న ఫైల్ చదివే ప్రోగ్రామ్ రాశాను, కోడ్ పంపుతున్నాను. టెర్మినల్‌లో రన్ అవుతుంది కానీ చివరి పేరు రెండుసార్లు వస్తోంది. ఐడీఈలో (కోడ్ రాసి రన్ చేసే సాఫ్ట్‌వేర్) అయితే ఏకంగా క్రాష్. ఫైల్ ఫోల్డర్‌లోనే ఉంది! రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: ముందు క్రాష్ సంగతి. ఫైల్ తెరుచుకోకపోతే, దాన్ని తెరిచే ఫంక్షన్ ఎఫ్‌ఓపెన్ నల్ ఇస్తుంది, అంటే చేతికి ఏ ఫైలూ రాలేదని, మీరు అదేమిచ్చిందో చూడకుండానే తీసుకెళ్లి ఫైల్ నుంచి చదివే ఎఫ్‌స్కాన్‌ఎఫ్ చేతిలో పెట్టేశారు, ఇంక క్రాష్ కాక ఏమవుతుంది? నల్ వస్తే పెర్రర్ ఫంక్షన్ పిలిచి ప్రోగ్రామ్ ఆపేయండి. ఫైల్ దొరకలేదా, చదవడానికి పర్మిషన్ లేదా అన్నది అదే చెబుతుంది. మీకు మాత్రం ఫైల్ దొరకలేదనే వస్తుందని నా అనుమానం, ఎందుకంటే ఒట్టి ఫైల్ పేరు ఇస్తే వెతికేది మీ కోడ్ ఉన్న చోట కాదు, ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్ నుంచి రన్ అవుతోందో అక్కడ. చాలా ఐడీఈలు వేరే ఫోల్డర్ నుంచి రన్ చేస్తాయి. సెట్టింగ్స్‌లో వర్కింగ్ డైరెక్టరీ మార్చండి, లేదా పూర్తి పాత్ ఇవ్వండి. విండోస్‌లో పూర్తి పాత్ రాస్తే బ్యాక్‌స్లాష్ రెండేసి పెట్టాలి, లేకపోతే 'ఎన్'తో మొదలయ్యే ఫోల్డర్ పేరు ముందున్న స్లాష్ కాస్తా ఆ అక్షరంతో కలిసి కొత్త లైన్ అయి కూర్చుంటుంది.

ఇక చివరి పేరు. వైల్ లూప్ కండిషన్‌లో, ఫైల్ అయిపోయిందా అని చూసే ఫీఓఎఫ్ పెట్టారు కదా, దొంగ అదే. అందరం ఒకసారైనా చేసే పొరపాటే లెండి. ఫైల్ అయిపోబోతోందని ఫీఓఎఫ్ ముందే చెప్పదు, చదవబోయి చివర తగిలాకే చెబుతుంది. చివరి మార్కు తర్వాత ఇంకా ఒక న్యూలైన్ మిగిలి ఉంటుంది కాబట్టి లూప్ మరోసారి తిరుగుతుంది, ఎఫ్‌స్కాన్‌ఎఫ్‌కి ఏమీ దొరకదు, వేరియబుల్‌లో ఉన్న పాత పేరే మళ్లీ ప్రింటవుతుంది. కండిషన్‌లోకి ఎఫ్‌స్కాన్‌ఎఫ్‌నే తెచ్చి, అది 2 (ఎన్ని విలువలు చదివిందో ఆ లెక్క) ఇచ్చినంతవరకే తిరగమనండి, పేరు ఒకటి, మార్కు ఒకటి. మార్కుల చోట అంకె బదులు ఎవరైనా 'ఆబ్సెంట్' అని రాసి ఉంటే 1 వచ్చి లూప్ మధ్యలోనే ఆగుతుంది. ఫీఓఎఫ్ పని అప్పుడు, లూప్ బయట: నిజంగా ఫైల్ అయిపోయిందా, లేక డేటా తేడాగా ఉందా అని అడగడానికి.

మీరు అడగలేదు గానీ, సేవ్ ఫంక్షన్‌లో 'డబ్ల్యూ' మోడ్ వాడారు. తెరిచిన క్షణమే పాత మార్కులన్నీ తుడిచిపెట్టేస్తుంది. చివర చేర్చడమే కావాలంటే 'ఏ' పెట్టండి, అదీ ఈ ప్రోగ్రామ్‌ను మళ్లీ రన్ చేసేలోపే.