ఫేస్‌బుక్‌లో కులం పేరుతో తిట్టారు, కేసు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మేం ఎస్సీలం, అంబర్‌పేటలో ఉంటాం. మా చెల్లెలు ఈమధ్య వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. పెళ్లి ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడితే అబ్బాయి బంధువు ఒకతను, ముక్కూమొహం తెలియని మరో రెండు ఖాతాలవాళ్లు కులం పేరెత్తి బూతులు రాశారు. 'ఇద్దర్నీ బతకనివ్వం' అని ఆ ఖాతాల్లో ఒకదాన్నుంచి మెసెంజర్‌లో బెదిరింపు వచ్చింది. చెల్లెలు భయపడి పోస్టు తీసేసింది. స్టేషన్‌కు వెళ్తే సైబర్ క్రైమ్‌కు పొమ్మన్నారు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎక్కడికీ పోనక్కర్లేదు, మీ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వండి. ఫోన్లో రాసినా ఇది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వచ్చే నేరమే. తమ పరిధి కాదనుకున్నా బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173 ప్రకారం జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా నమోదుచేసే ఎఫ్‌ఐఆర్ కట్టాలి. 'ముందు ఎంక్వైరీ చేసి చూస్తాం' అంటే అత్యాచారాల చట్టంలోని 18ఏ చూపించండి. ప్రాథమిక విచారణ అక్కర్లేదని అందులోనే ఉంది. దర్యాప్తు చెయ్యాల్సింది కూడా ఎస్సై కాదు, ఏసీపీ. అప్పటికీ తీసుకోకపోతే డీసీపీకి పోస్టులో పంపి, ఆ రసీదు పట్టుకుని కోర్టుకు వెళ్లొచ్చు.

ఇలాంటి కేసులు చాలామటుకు ఫిర్యాదు కాగితం దగ్గరే చెడిపోతాయి. నోటితో అనలేక 'అసభ్యంగా దూషించారు' అని రాసి ఊరుకుంటారు. ఆ ఒక్క మాటతో కోర్టులో కేసు నిలవదు. ఏ కులం పేరు, పక్కన ఏ మాట, ఏ రోజు ఎన్నింటికి రాశాడో బూతుతో సహా ఉన్నదున్నట్టు దించండి. బాధితులు ఎస్సీలైతే చాలదు, ఎస్సీలైనందుకే అవమానించినట్టు కనపడాలని 2024లో షాజన్ స్కారియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కనపడకపోతే అవతలివాడికి ముందస్తు బెయిల్ దారి తెరుచుకుంటుంది. అతను ఎస్సీ, ఎస్టీ కాడన్న సంగతి కూడా రాసి, మీ కుల ధ్రువపత్రం జతచెయ్యండి. నేరం రుజువైతే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు.

మెసెంజర్ సంగతి వేరు. అది నలుగురికీ కనపడే చోటు కాదు కాబట్టి బహిరంగ దూషణ సెక్షన్లు అక్కడ వర్తించవు. చంపుతామన్నందుకు బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 351(3) కింద 7 ఏళ్ల దాకా, పేరు దాచుకుని బెదిరించినందుకు 351(4) కింద అదనంగా మరో 2 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. మిర్యాలగూడలో ప్రణయ్ పరువు హత్య చూసినవాళ్లం, ఉత్తుత్తి బెదిరింపులే అని కొట్టిపారెయ్యకండి. జంటకు రక్షణ కావాలని ఇవాళే విడిగా దరఖాస్తు ఇవ్వండి. కులాంతర జంటలను కాపాడాల్సిన బాధ్యత పోలీసులదేనని శక్తివాహిని తీర్పు (2018) చెబుతోంది.

ఐటీ చట్టం 66ఏ పెట్టించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

తీసేసిన పోస్టు ఫేస్‌బుక్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, వెంటనే వెతకండి. బంధువులెవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే తెప్పించుకోండి. పేరు ఒక్కటీ కనపడితే లాభం లేదు, రేపు మార్చేస్తాడు. ప్రొఫైల్ లింకు కాపీ చేసి పెట్టుకోండి. ఖాతా మూసేసినా దాని రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ 180 రోజులు దాచాలి, అందుకే ఆలస్యం పనికిరాదు. చెల్లెలి ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చెయ్యొద్దు. కోర్టులో స్క్రీన్‌షాట్లకు కొత్త సాక్ష్య చట్టం (బీఎస్‌ఏ) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచెయ్యాలి. కోపంలో మీరూ ఎదురు బూతులు రాస్తే మీమీద కౌంటర్ కేసు ఖాయం.

ఫీజుకు వెనకాడకండి. ఎస్సీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి.