భూమి విడిపించాలంటే భర్తకు మతి లేదని రాయించాలా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచా తాలూకా. 2021 జూన్‌లో మిరప పెట్టుబడికి మా ఆయన లైసెన్సు లేని సావుకారి దగ్గర మూడు లక్షలు తెచ్చి, హామీగా మూడెకరాలు అతని పేర రిజిస్ట్రీ చేశారు. తలాఠి (ఊరి రెవెన్యూ ఉద్యోగి) నుంచి ఫేర్‌ఫార్ (రికార్డుల్లో పేరు మార్పు) నోటీసు వచ్చినా, బాకీ తీరగానే తిరిగి రాసిస్తానన్నాడని ఊరుకున్నాం. సాగు మాదే, వడ్డీ కడుతూనే ఉన్నాం. 2022లో బ్యాంకు పంట రుణం కూడా ఆయనే సంతకం పెట్టి తెచ్చారు. 2023 నుంచి దిగులు జబ్బుకు మందులు వాడుతున్నారు. నిద్ర లేదు, మాట లేదు, చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఇప్పుడు సావుకారి చేను ఖాళీ చేయమంటున్నాడు. రిజిస్ట్రీ నాటికే మతి లేదని పాత తేదీతో డాక్టరు సర్టిఫికెట్టు తెస్తే గడువు కూడా అడ్డురాదని ఒకాయన చెప్పాడు. తేవచ్చా?

జవాబు: తేవద్దమ్మా. మతిస్థిమితం లేనివారికి లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ గడువు సడలించే మాట నిజమే. కానీ గడువు మొదలయ్యే నాటికే ఆ స్థితి ఉండాలి. మీ మొదటి మందుల చీటీ 2023ది. ఎదుటి వకీలు 2022 బ్యాంకు ఫైలు తెప్పిస్తే మీ వాదన అక్కడే కూలిపోతుంది. పాత తేదీ వేసిన సర్టిఫికెట్టు దొంగ పత్రం. మీరూ, డాక్టరూ క్రిమినల్ కేసులో ఇరుక్కుంటారు. పైగా ఆ రిజిస్ట్రీ అప్పు కోసమేనని చెప్పాల్సిన మొదటి సాక్షి మీ ఆయనే. ఆయనకు మతి లేదని మీరే రాసిస్తే ఆ మాట ఎవరు నమ్ముతారు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, కోర్టు ప్రకటిస్తే తప్ప, జబ్బు ఉన్నంత మాత్రాన మనిషిని మతి లేనివాడిగా లెక్కగట్టకూడదు. ఆ రక్షణను మీ చేతులతో పోగొట్టుకోకండి.

ఆ రిజిస్ట్రీ అమ్మకమా, అప్పుకు హామీయా? కేసు తేలేది దీని మీదే. దస్తావేజు రద్దుకు సివిల్ దావా వేయాలంటే విషయం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు, అది దాటింది. నోటీసు వచ్చినప్పుడే అభ్యంతరం రాసి ఉంటే ఈరోజు అదే గట్టి ఆధారమయ్యేది. సావుకారి నోటిమాట నమ్మి కాగితాన్ని వదిలేయడం మీ తప్పే. అయినా దారి ఉంది. మహారాష్ట్ర సావుకారీ చట్టం, 2014, 18వ సెక్షన్ కింద, దరఖాస్తుకు వెనకటి 15 ఏళ్లలో అప్పు హామీగా సావుకారి చేతికి వెళ్లిన భూమిపై సహకార శాఖ జిల్లా ఉపనిబంధక్ (డిప్యూటీ రిజిస్ట్రార్) విచారణ జరిపి, దస్తావేజు చెల్లదని ప్రకటించి భూమి తిరిగి ఇప్పించవచ్చు.

దరఖాస్తు మీ ఆయన పేరనే, మరాఠీలో రాయించండి. ఈ విచారణలో సానుభూతి పనిచేయదు, కాగితాలు పనిచేస్తాయి. 2021 నుంచి ఏటా సాత్‌బారా (7/12 భూమి రికార్డు) తీయండి. రిజిస్ట్రీ తర్వాత కూడా పంట మీరే వేసినట్టు అందులోని పీక్ పాహణీ (పంట నమోదు)లో ఉంటే అదే మీ బలం. దస్తావేజులో రాసిన ధర పక్కనే ఆ ఏటి సర్కారీ రెడీ రెక్నర్ ధర (రిజిస్ట్రేషన్ కోసం సర్కారు కట్టిన విలువ) పెట్టండి. తేడా ఎక్కువైతే అది నిజమైన అమ్మకం కాదనే అనుమానం బలపడుతుంది. ఫోన్‌పేలో పోయిన వడ్డీకి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. నగదుగా ఇచ్చినదానికి చూసినవారు సాక్ష్యం చెప్పాలి. అదే సావుకారి పేర ఊళ్లో ఇంకెన్ని రిజిస్ట్రీలు ఉన్నాయో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్లు తీయించండి. నలుగురైదుగురు రైతులవి ఒకే తీరున బయటపడితే అతను కొనుగోలుదారు కాదు, వడ్డీ వ్యాపారి. లైసెన్సు లేకుండా ఆ వ్యాపారం చేయడమే నేరం.

ఈలోగా చేను దిగకండి, రాజీ పేరుతో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలుకు ఒక్క నెలే ఉంటుంది. ఆడవారు తమ పేర వేసే కేసుకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు; ఈ దరఖాస్తు మీ ఆయన పేర కాబట్టి ఆయనకూ దొరుకుతాడా అని తాలూకా న్యాయ సేవా సమితిలో అడగండి.

మందుల చీటీలు దాచండి. ఆయన విచారణకు రాలేని రోజు వాయిదా అడగడానికి అవి పనికొస్తాయి. వాయిదాల దిగులుతో మందు మాన్పించకండి. పురుగుమందు డబ్బాలు ఈరోజే ఇంట్లోంచి తీసేసి తాళం వేయండి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. ఆయన చావు మాట ఎత్తితే వెంటనే సర్కారీ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు.