ప్యానెల్ వచ్చింది, నెట్ అంతంతే, కరెంటుకు నమ్మకం లేదు: పదో తరగతి భౌతికశాస్త్రం ఎలా చెప్పాలి?

మీరు అడిగింది ఇది: నర్సంపేట వైపు ఉన్నత పాఠశాల, గోడకు 75 అంగుళాల ఇంటరాక్టివ్ ప్యానెల్ (వేలితో తాకి రాసే పెద్ద తెర), నెట్ అంటే మీ ఫోన్ హాట్‌స్పాటే, కరెంటు పోయి వస్తుంటుంది. దాన్ని టీవీ చేయకుండా భౌతికశాస్త్రానికి ఎలా వాడాలి?

పాఠం కన్నా ముందు కరెంటు సంగతి చూడండి. ప్యానెల్ నడుస్తుండగా కరెంటు పోతే మళ్లీ తెరుచుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆలోగా తరగతి చేజారుతుంది. పదేపదే అలా ఆగితే లోపలి సాఫ్ట్‌వేర్ కూడా పాడవొచ్చు. బడిలో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక చిన్న స్విచ్ చూడండి, చాలా వాటికి యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని రెండుంటాయి. నార్మల్‌లో ఉంటే బ్యాటరీకి మారే ఆ కాస్త సమయానికే ప్యానెల్ రీస్టార్ట్ అవుతుంది, అందుకని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180 కన్నా తగ్గితే ఇన్వర్టర్ వెంటనే బ్యాటరీ మీదికి పోతుంది. లో వోల్టేజీ ఊళ్లలో కరెంటు ఉండగానే బ్యాటరీ అయిపోవడానికి కారణం ఇదే. అలాంటి చోట ముందు స్టెబిలైజర్ పెట్టాలి.

బ్యాటరీ లెక్క కూడా వేసుకోండి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. సగానికి మించి ఖాళీ చేయకుండా, ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే చేతికొచ్చేది 750 దాకా. ప్యానెల్ 250 వాట్లు లాగిందనుకుంటే మూడు గంటలు. అదే లైనుకు నాలుగు ఫ్యాన్లు కలిపారా, ఇంకో 300 వాట్లు పెరిగి గంటన్నర కూడా రాదు. ఆఫీసు గదిలోని ఫ్యాను కూడా ఇదే ఇన్వర్టర్ మీద ఉందేమో చూసుకోండి, చాలా బళ్లలో ఉంటుంది.

ఇక నెట్. తరగతిలో నెట్ మీద ఆధారపడకండి, అంతే. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పాఠాన్ని ముందురోజే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోండి. అది యాప్ లోపలే ఉంటుంది, వీడియో ఫైలులా పెన్‌డ్రైవ్‌లోకి రాదు, అందుకే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫోన్‌లో తెరిచి స్క్రీన్ కాస్ట్ చేయండి, అంటే ఫోన్ తెరను ప్యానెల్ మీద చూపండి. ఫోన్ హాట్‌స్పాట్ వేసి ప్యానెల్‌ను దానికి కలిపితే చాలావాటిలో డేటా లేకున్నా పనిచేస్తుంది. డిష్ ద్వారా వచ్చే ప్రభుత్వ ఛానెల్ టీశాట్‌లో పాఠాలు బాగుంటాయి కానీ వాటి వేళ మీ పీరియడ్‌కు కుదరదు. డిష్ వైరు కోతుల పాలు కాకుండా మిగిలే ఊరు కూడా మన దగ్గర తక్కువే. యాప్‌లోనో యూట్యూబ్‌లోనో చూసి, కావలసిన నాలుగు నిమిషాలు ఎక్కడున్నాయో రాసిపెట్టుకోండి.

పెన్‌డ్రైవ్‌తో వచ్చే తంటాలు రెండు. ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే కొన్ని ప్యానెళ్లు దాన్ని అసలు గుర్తించవు. పెన్‌డ్రైవ్‌ను ఎఫ్‌ఏటీ32లోనే ఉంచి, వీడియోను 720పీ, ఎంపీ4గా చిన్న ముక్కలు చేసి పెట్టుకుంటే రెండూ తప్పుతాయి. ఇక తెలుగు స్లైడ్లు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైలును ప్యానెల్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, ఎందుకంటే ఆ ఫాంటు ప్యానెల్‌లో ఉండదు. వెంటనే కావాలంటే కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. కొత్తవి మాత్రం యూనికోడ్‌లోనే టైపు చేయండి. అక్షరం 32 పాయింట్లకు తగ్గొద్దు. స్లైడు వేసి చివరి బెంచీలో కూర్చుని చదవండి, వత్తులు విడిగా కనిపించకపోతే ఇంకా పెంచండి.

ల్యాప్‌టాప్ కలిపినప్పుడు బొమ్మ వస్తుంది కానీ టచ్ పనిచేయదని అందరూ అంటారు. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మనే తెస్తుంది, వేలి తాకిడిని వెనక్కి పంపడానికి ప్యానెల్‌తో వచ్చే టచ్ యూఎస్‌బీ తీగ వేరే ఉంటుంది. అది సాధారణంగా అట్టపెట్టెలోనే మిగిలిపోతుంది, వెతకండి. హెచ్‌డీఎంఐ 5 మీటర్ల లోపే తీసుకోండి.

వేలు పెట్టకుండానే గీతలు పడుతున్నాయంటే చాక్‌పీస్ పొడి. చాలా ప్యానెళ్లలో టచ్ అంటే అంచు చట్రంలోంచి అడ్డంగా నిలువుగా పోయే పరారుణ కిరణాలు. కింది అంచున పొడి పేరుకుంటే వేలు అడ్డం వచ్చిందనే అనుకుంటుంది. ప్యానెల్ ఆపేసి, తడి లేని మెత్తటి గుడ్డతో చట్రం లోపలి అంచు వారానికోసారి తుడవండి, నీళ్లు చల్లొద్దు. కిటికీ ఎండ నేరుగా చట్రం మీద పడినా ఇదే గోల.

ఇప్పుడు పాఠం. వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం తీసుకోండి. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం ల్యాబ్‌లో ఉంటుంది, కొవ్వొత్తి, తెల్ల కాగితం చాలు. ప్యానెల్ ఇంకా ఆన్ చేయొద్దు. వస్తువు కటకానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ప్రతిబింబం అవతలి వైపు 15 దగ్గర, 20లో ఉంటే 20 దగ్గర, 15లో ఉంటే 30 దగ్గర పడుతుంది. ప్రతిసారీ ముందు పిల్లలు నోటుబుక్కులో అంకె రాయాలి, తర్వాతే కొవ్వొత్తి జరపాలి. 5 సెంటీమీటర్ల దగ్గర పెట్టగానే కాగితం మీద ఏమీ రాదు, వాళ్లు అయోమయంలో పడతారు. ప్యానెల్ తెరవాల్సింది అప్పుడు, ఎందుకంటే కంటికి కనిపించని కిరణాలు గీసి చూపేది అదే.

కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద కదిపి చూసే ప్రయోగాలు) దీనికి సరిపోతాయి. జియోమెట్రిక్ ఆప్టిక్స్ అనేది ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా డౌన్‌లోడ్ అవుతుంది, తర్వాత నెట్ అక్కర్లేదు. పాత ఆండ్రాయిడ్ ప్యానెల్‌లో నత్తనడక నడుస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లోనే తెరవండి. వస్తువును జరిపే పని పిల్లలదే, మీరు పక్కకు నిలబడండి. తర్వాత ఈ ప్రశ్న వేయండి: కటకం కింది సగానికి నల్ల కాగితం అంటిస్తే ప్రతిబింబం సగమే వస్తుందా? ఎక్కువమంది సగమే అంటారు. కొవ్వొత్తి దగ్గరికి మళ్లీ వెళ్లి అంటించి చూపండి, పూర్తి ప్రతిబింబమే, కాకపోతే మసకగా. ఎందుకో తెర మీద కిరణాలు లెక్కపెడుతూ వాళ్లే చెప్పాలి. మొత్తంలో ప్యానెల్ వెలిగేది పది నిమిషాలు. నిజం చెప్పాలంటే, పీరియడ్ అంతా వెలుగుతూ ఉన్న ప్యానెల్‌ను నేను అనుమానంగానే చూస్తాను.

ఎవరికి అర్థమైందో తెలుసుకోవడానికి ప్లికర్స్ అనే యాప్ వాడొచ్చు. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు, ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు, మీ ఫోన్ కెమెరా ఒక్కటి. కార్డు మీద ఒక నల్ల గుర్తు, దాని నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ ఉంటాయి, జవాబు పైకి వచ్చేలా పట్టుకోవాలి. మెరిసే లామినేషన్ చేయిస్తే వెలుతురు కొట్టి స్కాన్ కాదు, మామూలు మందపు కాగితం మేలు. వేలు నల్ల గుర్తు మీద పడినా, పిల్లల వెనక కిటికీ ఉన్నా అంతే. దీనికి ఫోన్‌లో కొంచెం నెట్ కావాలి. సిగ్నల్ లేని రోజు నాలుగు రంగుల అట్టముక్కలే దిక్కు, పేరుపేరునా లెక్క మాత్రం ఉండదు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే పీరియడ్ కుదించుకుపోతుంది, కొత్త ప్రయోగాలు జనవరిలోపే ముగించుకోండి. వేసవి సెలవులకు ముందు ప్యానెల్ ప్లగ్గు పీకేయండి. ఇన్వర్టర్‌ను మాత్రం కరెంటుకు కలిపే ఉంచి, నెలకోసారి ఎవరైనా వచ్చి డిస్టిల్డ్ వాటర్ చూసేలా తాళంచెవి ఊళ్లోనే ఇచ్చి వెళ్లండి. నెలన్నర చార్జింగ్ లేకుండా పడి ఉన్న బ్యాటరీ జూన్‌లో బడి తెరిచేసరికి మునుపటిలా నిలవకపోవచ్చు.