ఆట పూర్తయ్యాకే క్రంచ్ చెయ్యి

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. ఎనభైల నాటి కమోడోర్ 64 కంప్యూటర్‌కి నువ్వు రాసిన ఆట ఎమ్యులేటర్‌లో (పీసీలో ఆ పాత మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్) ఆడి చూశాను, బాగుంది. ఫైలు 40 కేబీకి చేరిందని, ఎక్సోమైజర్‌తో క్రంచ్ చేస్తానని, అంటే కుదిస్తానని రాశావు. మంచి ఆలోచనే. మాగ్నస్ లిండ్ రాసిన ఆ టూల్ కష్టమంతా మన పీసీతోనే చేయిస్తుంది. పాత మెషీన్‌కి విప్పుకునే పని ఒక్కటే మిగులుతుంది. ఆ మెషీన్ ఫ్లాపీ డ్రైవ్ 1541 సెకనుకి సుమారు 400 బైట్లే చదువుతుంది కాబట్టి, నీ ఆట లోడ్ కావడానికి రెండు నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. ఫైలు సగమైతే ఆ తేడా ఆడేవాడికి బాగా తెలుస్తుంది.

అయితే ఎంత తగ్గిందన్నది తర్వాత సంగతి. ముందు నీ ప్రోగ్రామ్ మెమరీలో ఎక్కడ కూర్చుంటుందో చూసుకో. నీ ప్రోగ్రామ్ ఉన్న పీఆర్‌జీ ఫైలుని హెక్స్ ఎడిటర్‌లో (బైట్లను పదహారుల లెక్కలో చూపించేది) తెరువు. ఏ అడ్రసులో లోడ్ కావాలో చెప్పే మొదటి రెండు బైట్లు 01 08 ఉండాలి. తిప్పి చదివితే 0801, అంటే మన లెక్కలో 2049. బేసిక్ భాష ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు అది. అక్కడ మెషీన్ కోడ్‌ని నడిపించడానికి నువ్వు పెట్టిన 'సిస్ 2061' లైను, మధ్యలో ఖాళీ వదలకపోతే, సరిగ్గా 12 బైట్లు. తర్వాతి లైను అడ్రసుకి రెండు, లైను నంబరుకి రెండు, సిస్‌కి ఒకటి, అంకెలకి నాలుగు, చివర మూడు సున్నాలు. 2049కి 12 కలిపితే 2061, నీ మెషీన్ కోడ్ మొదలయ్యేది అక్కడే. ఈ లెక్క కుదిరిందా, ఎక్సోమైజర్ కమాండులో ఎస్ఎఫ్ఎక్స్ (తనంతట తానే విప్పుకునే ఫైలు చేయమని) తర్వాత సిస్ అని రాయి, అడ్రసు అదే వెతుక్కుంటుంది. ఆ లైను లేకపోతే అడ్రసు నువ్వే ఇవ్వాలి.

విప్పేటప్పుడు తెర మీద ఏదో మినుకుమినుకుమంటుంది. వద్దనుకుంటే కమాండులో మైనస్ ఎన్ పెట్టొచ్చు. నేనైతే ఉంచమంటాను. తెర కదలకపోతే ఆడేవాడు హ్యాంగ్ అయిందనుకుని ఆఫ్ చేసేస్తాడు.

క్రంచ్ చేశాక ఆట తేడాగా నడిస్తే ఆడలేక మద్దెల ఓడన్నట్టు టూల్‌ని తిట్టకు. తప్పు చాలాసార్లు మన కోడ్‌లోనే ఉంటుంది. స్కోరు దాచే బైటులో మొదట సున్నాయే ఉంటుందని నమ్ముకుని ఉంటాం. విప్పడం పూర్తయ్యాక మెమరీలో అక్కడక్కడా చెత్త మిగులుతుంది, జీరో పేజీలో (మెమరీలోని మొదటి 256 బైట్లు) కూడా. కాబట్టి ప్రతి వేరియబుల్‌కీ విలువ నువ్వే వేసుకో.

స్ప్రైట్లు (తెర మీద కదిలే బొమ్మలు) 12288 అడ్రసు దగ్గర పెట్టి, మధ్యలో బోలెడు ఖాళీ పోయిందని టెన్షన్ పడకు. వరుసగా వచ్చే సున్నాలు ఎన్నున్నా కొద్ది బైట్లలో ఇమిడిపోతాయి. ఒకసారి కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తే మాత్రం ఒరిగేదేమీ లేదు.

లెవెళ్లు విడి ఫైళ్లుగా లోడ్ చేయాలంటే విప్పే రొటీన్‌ని నీ ఆటలోనే కలుపుకోవాలి. నువ్వు వాడే వెర్షన్‌తో వచ్చిన రొటీనే తీసుకో. రెండో వెర్షన్‌కీ మూడో వెర్షన్‌కీ ఫార్మాట్ మారింది. ఆట మధ్యలో ఆగడం నీకు ఇష్టం లేకపోతే బైట్‌బూజర్ 2 అనే ఇంకో కుదింపు టూల్ చూడు. కాస్త తక్కువ కుదించినా తొందరగా విప్పుతుంది.

ఇంకా కోడ్ మారుస్తూనే ఉన్నావు కదా, రోజూ క్రంచ్ చేస్తూ కూర్చోకు. పూర్తయ్యాక కుదించనిదీ, కుదించినదీ రెండూ పంపు. నా దగ్గరున్న అసలు మెషీన్‌లో వేసి చూస్తాను. మీ అమ్మని అడిగానని చెప్పు.

పెదనాన్న